శెట్టిగారి మూడో వంతు

చింతామణి పాత బజారులో బాలచంద్ర శెట్టి కొట్టు ఏదని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూస్తారు. గణితం శెట్టి కొట్టు అనండి, చంకలోని బిడ్డ కూడా వేలు చూపిస్తుంది. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు. ఊరు పెడుతుంటే వద్దన్నదీ లేదు. బెల్లం, చింతపండు, కందిపప్పు అమ్ముకునే మనిషి గల్లాపెట్టె పైన లక్ష్మీదేవి పటం పక్కనే ఒక కోణం బొమ్మకు చట్రం కట్టించి వేలాడదీశాడు. కోణం, దాని లోపల రెండు గీతలు, మూడు భాగాలు. సరుకుకు వచ్చినవాళ్ళు దేవికి దండం పెట్టి, పనిలో పనిగా దానికీ ఒకటి పెట్టిపోయేవాళ్ళు. ఇప్పుడా బొమ్మ అక్కడ లేదు, మేకు మాత్రం ఉంది. దాని వైపు చూపు పోయినప్పుడల్లా ఆయనకు చెవులు వేడెక్కుతాయి.

ఈ కథంతా బెల్లం దగ్గర మొదలైంది. బాలచంద్ర చిన్నవాడుగా ఉన్నప్పుడు కొట్టు ఆయన తండ్రిది. కిలోలు వచ్చి ఏళ్ళయినా పల్లెలవాళ్ళ నోట ఇంకా సేరే ఆడేది. తండ్రి దగ్గర సేరు, అరసేరు, పావుసేరు, చటాకు రాళ్ళు అరిగిపోయి నున్నగా ఉండేవి. ఒకనాడు దిబ్బూరహళ్ళి నుంచి ముగ్గురు తోడికోడళ్ళు వచ్చి సేరు బెల్లం కొని, ముగ్గురికీ సమంగా పంచి పొట్లాలు కట్టమన్నారు. సేరులో మూడో వంతుకు రాయి లేదు. రాళ్ళన్నీ సగాలు, సగంలో సగాలే. తండ్రి తడుముకోలేదు. తలా ఒక పావు తూచాడు, ఒక పావు మిగిలింది. దాన్ని నాలుగు చటాకులు చేసి తలా ఒకటి వేశాడు, ఒక చటాకు మిగిలింది. దాన్నీ కత్తితో నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి. ఆఖరుకు గోరంత ముక్క మిగిలితే చిన్న కోడలి పొట్లంలో వేసి, "ఇది కొసరు తల్లీ" అన్నాడు. ముగ్గురూ నవ్వుకుంటూ బస్సెక్కారు. తోడికోడళ్ళు ముగ్గురు తగాదా లేకుండా ఒక కొట్టు దిగడం అంటే మాటలు కాదు.

కొసరు తెలియని శెట్టి ఉండడు. తూకం అయ్యాక పైన వేసే చిటికెడు అది. లెక్కలోకి రాదు, అది వేయకపోతే బేరం మనసుకు ఎక్కదు. అసలుకన్నా కొసరు ముద్దని ఊరికే అనలేదు. బాలచంద్రకు పాలతోపాటు ఒంటబట్టిన విద్య ఇదే. కొంప ముంచిందీ ఇదే.

హైస్కూల్లో తిమ్మరాయప్ప మేష్టరు రేఖాగణితం చెప్పేవాడు. కోణాన్ని కంపాసుతో సగం చేయడం చూపించి, సుద్దముక్క చెవి మీద దోపుకుని, ఒక కబురు చెప్పాడు. గ్రీకు దేశంలో ఎప్పుడో వేల ఏళ్ళ కిందట పెద్ద పెద్ద బుర్రలు మూడు చిక్కు లెక్కల దగ్గర కూలబడ్డాయట. అందులో ఒకటి, ఏ కోణాన్ని ఇచ్చినా కంపాసు, గుర్తులు లేని స్కేలు, ఈ రెంటితోనే మూడు సమభాగాలు చేయడం. "ఇంతవరకూ ఎవురూ చేయలేదప్పా. మన చింతామణోడు ఎవుడన్నా చేస్తాడేమో చూద్దాం" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఒక్క బాలచంద్ర నవ్వలేదు. ఆ లెక్క ఎవరూ ఎందుకు చేయలేదో అప్పటికే తేలిపోయిందని మేష్టరుకు తెలియదు. ఆయన గురువు ఆయనకు చెప్పింది అంతవరకే.

హైస్కూలు తర్వాత రెండేళ్ళ పీయూసీ అయ్యాక బీఎస్సీ గణితం చదువుతానన్నాడు. "చదివి చేసేది లెక్కలే కదా, అదేదో కొట్లోనే చెయ్" అన్నాడు తండ్రి. అన్నమాట ప్రకారం గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టాడు. పెళ్ళయింది, అంబుజమ్మ వచ్చింది, కొడుకు పునీత్ పుట్టాడు. మధ్యాహ్నం బజారు నిద్రపోయే వేళ పొట్లాల కాగితాల మీద బాలచంద్ర కోణాలు గీసేవాడు. ఇంట్లో పంచదార పొట్లం విప్పితే వృత్తాలు, పప్పు పొట్లం విప్పితే చాపాలు. పిచ్చి ముదరలేదు కాబట్టి సరిపోయింది, తాగి తిరిగే మొగుళ్ళకన్నా గీతలు గీసే మొగుడు నయమని అంబుజమ్మ తన చెల్లెలితో అనేది.

జుట్టు నెరిసే వయసులో ఒక మధ్యాహ్నం ఆయనకు ఆ బెల్లం గుర్తుకొచ్చింది. కోణాన్ని నాలుగు భాగాలు చేయడం సులువే, సగంలో సగం. మూడు భాగాలు ముగ్గురికీ ఇచ్చేయాలి. మిగిలిన నాలుగోదాన్ని మళ్ళీ నాలుగు చేసి, మళ్ళీ ముగ్గురికీ ఇవ్వాలి. అట్లా నాలుగుసార్లు పంచేసరికి మిగిలిన సందు పెన్సిలు గీత లావులో కలిసిపోయింది. కోణమానిని పెట్టి చూశాడు. అరవై డిగ్రీలు మూడు ఇరవైలైనాయి. భూతద్దం పెట్టి చూశాడు, అయినా ఇరవైలే. ఆ మిగిలిన వెంట్రుకవాసి సంగతి ఆయనకు తెలియక కాదు. దాన్ని తండ్రి చిన్న కోడలి పొట్లంలో వేసినట్టే మధ్య భాగంలో వేసేశాడు. పెరట్లోకి పరుగున పోయి అంబుజమ్మతో, "గ్రీకోళ్ళకు కానిది నాకు అయిందే" అన్నాడు. "మంచిది, చెయ్యి కడుక్కోండి, అన్నం పెడతా" అంది ఆమె.

ఆ తర్వాత ఆయనకు పట్టపగ్గాలు లేవు. జిల్లా పేపర్లో ఫోటో పడింది. గుడిబండె దాకా బడులవాళ్ళు పిలిచి మాట్లాడించారు. నల్లబల్ల మీద నాలుగుసార్లు పంచి చూపించేవాడు, పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు, హెడ్మాస్టరు మర్యాదకు నిమ్మకాయ చేతిలో పెట్టేవాడు. లెక్క తెలిసినవాడు ఎవడైనా అడ్డు చెప్పకపోయాడా అంటే, పెద్దాయన, శెట్టిగారు, బడికి బీరువా ఇప్పించిన మనిషి, ఆయనతో మనకెందుకులే అనుకున్నారు. మర్యాద ఎక్కువైన ఊళ్ళో నిజం గడప దాటదు.

అప్పుడే రశ్మి కోడలుగా వచ్చింది. బాగేపల్లిలో బట్టల వ్యాపారుల పిల్ల, ఎమ్మెస్సీ గణితం చదివి పీయూ కాలేజీలో పాఠాలు చెబుతుండేది. సంబంధం కుదిరినప్పుడు జాతకాలు పురోహితుడు చూశాడు, మార్కుల పట్టీ మాత్రం బాలచంద్ర చూశాడు. పెళ్ళి సందడి అణగగానే కోడలిని కూర్చోబెట్టి, కాగితం పరిచి, కంపాసు తిప్పి, మొత్తం గీసి చూపించాడు. ఆమె ఆ కాగితం వైపు చాలాసేపు చూసింది. ఏదో అడగబోయి, వంటింటి గుమ్మంలో నిలబడిన అత్త ముఖం చూసింది, మామ ముఖం చూసింది. "చాలా బాగుండాది మామా" అంది.

తూకం రాళ్ళకు సర్కారు ముద్ర ఎట్లాగో, ఆయన లెక్కకు ఆ మాట అట్లాగైంది. పోయిన ప్రతిచోటా, "మా కోడలు ఎమ్మెస్సీ మ్యాథ్స్. తానే చూసి బాగుండాదనింది" అనేవాడు. ఇంటికి వచ్చినవాళ్ళ ముందు అంటే రశ్మి లేచి లోపలికి పోయేది. కొత్త కోడలి సిగ్గనుకున్నాడు. ఆమెకు బిడ్డ పుట్టి బడికి పోయే ఈడు వచ్చినా ఆ సిగ్గు పోలేదు. పదేళ్ళకు కూడా తరగని సిగ్గేమిటని ఆయనకు ఒక్కనాడూ తోచలేదు. తోచినట్టయితే ఈ కథ చిక్కబళ్ళాపురం దాకా పోకుండానే ముగిసేది.

చిక్కబళ్ళాపురంలో ఒక డిగ్రీ కాలేజీవాళ్ళు గణితశాస్త్ర చరిత్ర మీద సభ పెట్టి ఆయన్ను అతిథిగా పిలిచారు. ఆ శుక్రవారం జరీపంచె కట్టి, కోటు వేసుకుని, సొంత కంపాసు సంచిలో పెట్టుకుని పోయాడు. ఆ వెనక వచ్చే ఆదివారమే చింతామణిలో వర్తక సంఘంవాళ్ళు ఆయనకు సన్మానం పెట్టుకున్నారు. అందుకని ఆ రోజు మనిషి నేల మీద లేడు. బల్ల మీద అరవై డిగ్రీల కోణం గీసి, బెల్లం కథ చెప్పి, నవ్వించి, పంచి, చప్పట్లు కొట్టించుకున్నాడు.

మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది. పేరు సహన, ఊరు పేరేసంద్ర అని చెప్పింది. "సార్, ఇదే కంప్యూటర్లో గీసి తెర మీద చూపించనా?" అని అడిగింది. ఆ పిల్లకు ఏ చెడ్డ ఉద్దేశమూ లేదు, పెద్ద తెర మీద ఇంకా బాగా కనిపిస్తుందనుకుంది. సంతోషంగా తల ఊపాడు. ఆ పిల్ల చకచకా గీసి, నాలుగుసార్లు పంచి, మొదటి భాగాన్ని కంప్యూటర్‌నే కొలవమంది. తెర మీద అంకెలు పడ్డాయి. 19.92.

హాలంతా ఆ అంకె వైపు చూసింది. బాలచంద్ర తేలిగ్గా నవ్వి, "అంతమాత్రం కొసరు ఉంటాది లేమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. సహన కూడా నవ్వి, "ఔను సార్. ఇంకా ఎన్నిసార్లు పంచినా ఇరవై దగ్గరికి పోతాదే గానీ ఇరవై కాదు కదా సార్" అంది. తెర మీద ఇంకోసారి పంచింది. 19.98. మళ్ళీ పంచింది. తొమ్మిదులు పెరుగుతున్నాయి, ఇరవై మాత్రం రావడం లేదు. ఆయన చేతిలోని సుద్ద చెమటకు మెత్తబడింది.

"ఇది కుదరదని ఫ్రాన్సులో 1837లోనే రుజువు చేసిండారు కదా సార్" అంది సహన, ఆయనకు తెలిసిన సంగతే గుర్తుచేస్తున్నట్టు. "మీరు దగ్గరి లెక్క చూపిస్తాండారని మేమంతా అనుకొన్యాం. మాకు పీయూసీలోనే చెప్పిండారు. చింతామణిలో రశ్మి మేడమ్."

ఆ తర్వాత ప్రిన్సిపాల్ లేచి ఏదో మాట్లాడాడు. శాలువా కప్పాడు, పండ్ల బుట్ట ఇచ్చాడు. బాలచంద్ర కుర్చీలో కూర్చున్నాడు కానీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెర ఆర్పడం ఎవరికీ గుర్తు లేదు, ఆయన తల పైన ఆ అంకె వెలుగుతూనే ఉంది. తప్పు చేసినందుకు సిగ్గు ఒకటి. ఇంట్లో ఒకే పప్పు కలుపుకుని తినే మనిషికి అది తెలుసునన్నది ఇంకొకటి. రెండోది మొదటిదాన్ని మింగేసింది.

శిడ్లఘట్ట మీదుగా పోయే బస్సెక్కాడు. పట్టుగూళ్ళ మూటల మధ్య నిలబడి ఉంటే కండక్టరు గుర్తుపట్టి, "గణితం శెట్టిగారికి సీటియ్యండప్పా" అని ఒక పడుచువాడిని లేపాడు. కూర్చోకపోతే బాగుండదని కూర్చున్నాడు. శాలువా మడిచి పండ్ల బుట్ట అడుగున కుక్కాడు. ఇన్నేళ్ళూ తాను ఎక్కిన వేదికలన్నీ కిటికీలోంచి ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. మెచ్చుకుంటున్నారనుకున్న నవ్వుల్లో కొన్ని ఎట్లాంటి నవ్వులో ఇప్పుడు తెలుస్తోంది. ఎవరెవరికి తెలుసు? పునీత్‌కు తెలుసా? అంబుజమ్మకు? ఇల్లంతా కలిసి తనను ముద్దుచేసిందా, ముసలివాడి బొమ్మ విరగ్గొట్టడం ఎందుకని?

ఇంటికి చేరేసరికి ఇంకా ఎండ ఉంది. రశ్మి కాలేజీ నుంచి వచ్చి వసారాలో కొత్తిమీర ఏరుతోంది. ఆయన చెప్పులు విప్పి, కోటు విప్పకుండానే ఎదురుగా కూర్చున్నాడు.

"సహన అని ఒక పిల్ల కనిపించిందమ్మా. నీ స్టూడెంటంట."

"పేరేసంద్ర సహననా మామా. బాగా చదివే పిల్ల."

"బాగానే చదివిండాది. నువ్వు చెప్పిందంతా గుర్తుపెట్టుకోనుండాది."

రశ్మి చేయి ఆగింది. ఆమె తల ఎత్తలేదు. దాంతోనే ఆయనకు జవాబు దొరికింది, అయినా అడిగాడు.

"నీకు మొదట్నుంచీ తెల్సునా?"

"తెల్సు మామా."

"నేను గీసి చూపించిన పొద్దు కూడానా?"

"ఆ పొద్దే తెల్సు."

"మరి బాగుండాదంటివే."

"బాగానే ఉండాది మామా. దగ్గరికి పోయేదానికి అంత చక్కని దోవ నేనేం చూళ్ళేదు. దానికే బాగుండాదన్యా. మీరు అడిగింది దాన్ని గురించి కాదని నాకు తెల్సు. తెలిసీ అన్యా." కొత్తిమీర కాడ ఒకటి తుంచి, "రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకొన్యా. ఆ లోపల మీరు పదిమందిలో నా పేరు చెప్పేసినారు. ఇంక యాడ చెప్పేది" అంది.

ఆమె కొత్తిమీర పక్కన పెట్టింది.

"ప్రతి సంవత్సరం ఆ పాఠం వస్తాది మామా. ఎవురో ఒకరు లేస్తారు, 'మేడమ్, మీ మామ చేసిండారంట కదా' అని. నేను తిరుక్కోని బోర్డు తుడుస్తా నిలబడతా. మీ పేరు చెప్తే సిగ్గయ్యేది మామా. ఇంటికొచ్చి మీ ముఖం చూస్తే, సిగ్గుపడినందుకు ఇంకా సిగ్గయ్యేది."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండదు. కొట్టినవాళ్ళ మీద కోపమన్నా వస్తుంది. ఇక్కడ కోపానికి చోటే లేదు, తానే ఆ పిల్లను ముద్రగా వాడుకుని ఊళ్ళు తిరిగాడు. కోటు విప్పి పక్కన పెట్టి, "ఎందుకు కాదో చెప్పు" అన్నాడు.

ఆమె మెల్లగా చెప్పింది. కొన్ని కోణాలు ఒప్పుకుంటాయి, తొంభై లాంటివి. ఏ కోణమైనా అంటే మాత్రం కుదరదు. "మీ నాన్నగారి రాళ్ళట్లే అనుకోండి. కంపాసు, స్కేలు పెట్టుకోని ఎంత తిప్పలుపడినా సగాలు చేసే రాళ్ళే చేతికొస్తాయి. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు. ఇట్ల పోతాంటే యాడన్నా మూడుతో తెగుతాదా?"

"తెగదు" అన్నాడు. జీవితమంతా రాళ్ళతో తూచిన మనిషికి ఆ మాట చెప్పించుకోవాల్సి వచ్చింది.

"దీని వెనక ఇంకా చాలా ఉండాది, మూలం మాత్రం ఇదే. రుజువు చేసినాయన చిన్నవాడంట, ఇరవై మూడేండ్లు. చేసినా శానా కాలం ఎవురూ పట్టించుకోలేదంట, పాపం. అయినా మీరొక్కరే కాదు మామా. మూడు భాగాలు చేసినామని ఎంతమంది కాగితాలు పంపిస్తాండారంటే, ఆ రుజువు రాకముందే, పారిస్‌లో పండితుల సభ ఇట్లాటివి ఇంక చూసేది లేదని తీర్మానమే చేసిందంట."

ఊరట చెబుదామని అందామె. తానొక్కడే చేసిన తప్పయితే దాన్లో ఒక గొప్పయినా ఉండేది. ఇది వరసలో నిలబడి చేసిన తప్పు, ఆ వరసకు ఎదురుగా ఉన్న తలుపు కూడా ఎప్పుడో మూసేసి ఉంది.

మరునాడు పొద్దున్నే సంఘం అధ్యక్షుడు పురుషోత్తమ్ ఇంటికి పోయి, సన్మానం వద్దన్నాడు. కారణం చెప్పాడు. పురుషోత్తమ్ ఇనుప సామాను వ్యాపారి, కారణం సగమే విన్నాడు. "శెట్రే, ఫ్లెక్సు కట్టేసిండాము, భోజనాలకు ఒబ్బట్లు చెప్పేసిండాము. ఎమ్మెల్యే మనిషి వస్తాండాడు. ఇప్పుడు వద్దంటే ఎట్లప్పా? ఒకటి రెండు డిగ్రీలు అటూఇటూ అయితే ఎవురు కొలుస్తారు" అన్నాడు. ఒకటి రెండు డిగ్రీలు కాదు, చాలా తక్కువ అని బాలచంద్ర చెప్పబోయి, తాను ఇంకా తన లెక్కనే వెనకేసుకొస్తున్నానని తెలిసి నోరు మూసుకున్నాడు.

ఆదివారం సంఘం మంటపం నిండింది. గేటు దగ్గర ఆయన ముఖం మనిషెత్తున ఉంది, కింద గణిత రత్న అని బంగారు రంగు అక్షరాలు. ఆ ముఖం కింద నుంచే లోపలికి పోవాలి. తల వంచుకుని పోయాడు. తలకు జరీ పేటా పెట్టారు, దండ వేశారు, మైకు ఇచ్చారు. రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి.

"నేను చేసింది తప్పు. కోణం మూడు భాగాలు కాలేదు. దగ్గరికి పోయినా గానీ చేరలేదు. చేరే దోవే లేదని ఎప్పుడో తేలిపోయిండాది, నాకు తెలీలేదు. ఈ దండ నాది కాదు."

ముందు వరసలోంచి చప్పట్లు మొదలై వెనకదాకా పాకాయి. పురుషోత్తమ్ మైకు లాక్కుని, "చూసినారా, ఎంత చేసినా ఎంత వినయమో. నిండు కుండ తొణకదంటే ఇదే" అన్నాడు. "వినయం కాదప్పా, నిజం" అన్నాడు బాలచంద్ర. మళ్ళీ చప్పట్లు, ముందుకన్నా గట్టిగా. నిజం చెప్పిన ప్రతిసారీ ఆయన ఇంకొంచెం గొప్పవాడైపోతున్నాడు. ఇంత అవమానం అబద్ధంలో కూడా ఉండదు.

ఆడవాళ్ళ వరసలో రశ్మి తల దించుకుని ఉంది. ఆమె మాట మీదే కదా వీళ్ళంతా నమ్మింది, ఆమె చెబితే వింటారు అనుకున్నాడు. "రశ్మీ, లేచి చెప్పమ్మా" అన్నాడు మైకులో. ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన మళ్ళీ పిలిచాడు. పదిమంది ముందు మామ రెండుసార్లు పిలిస్తే లేవకుండా ఎట్లా ఉంటుంది? లేచింది.

"మామ చెప్పింది నిజమే. ఆ పద్ధతిలో కోణం సరిగ్గా మూడు భాగాలు కాదు. నాకు ముందే తెల్సు. నేను చెప్పలేదు, అది నా తప్పు."

ఈసారి చప్పట్లు లేవు. మంటపమంతా ఆమెవైపు తిరిగింది. "మామను నలుగురిలో ఇట్లనా అనేది" అని వెనక ఎవరో మగగొంతు అంది. పురుషోత్తమ్ భార్య సుజాతమ్మ పక్కావిడతో, "చదువుకొన్న కోడల్ని తెచ్చుకొంటే ఇంతే. ఆయన తప్పంటే మట్టుకు ఈమె ఔననేదా" అంది, అందరికీ వినిపించేంత మెల్లగా. భోజనాల దగ్గర రశ్మి పక్క విస్తరి ఖాళీగా ఉండిపోయింది. అంబుజమ్మ వడ్డన ఆపి వచ్చి అక్కడ కూర్చుంది.

వారం తిరక్కుండానే బజారంతా ఆ మాటే. పప్పు కొనవచ్చినవాళ్ళు గొంతు తగ్గించి, "మీ కోడలు అట్ల అనకూడదు శెట్టిగారూ" అనేవాళ్ళు. "నేనే చెప్పమన్యా" అనేవాడు ఆయన. "అది మీ పెద్ద మనసు" అని జాలిగా చూసి పోయేవాళ్ళు. ఒకాయనకు కాగితం పరిచి, తెర మీద చూసిన అంకెతో సహా తప్పు ఎక్కడుందో చూపించాడు. ఆ మనిషి శ్రద్ధగా విని, కోడల్ని ఎంత కాచుకొస్తున్నాడో పాపం అని పక్క కొట్లో చెప్పాడట. ఆ సాయంత్రమే బాలచంద్ర గోడమీది బొమ్మ దించి అటకెక్కించాడు.

"మీ తప్పు మీరు చెప్తే వినయమంట, ఆ పిల్ల చెప్తే పొగరంట" అంది అంబుజమ్మ అన్నం వడ్డిస్తూ. "పదేండ్లు మీ మర్యాద కాపాడింది. మీరు ఒక్క పూటలో దానిది తీసేస్తిరి." తాను బరువు దించుకోవాలనే ఆత్రంలో దాన్ని ఎవరి తల మీద పెట్టాడో భార్య చెబితే గానీ తెలియలేదు. నిజం చెప్పానన్న ఒక్క ముక్క ధైర్యం మిగిలి ఉండేది, అదీ పోయింది.

కొన్నాళ్ళకు కాలేజీలో ఆ పాఠం రానే వచ్చింది. రశ్మి పొద్దున్నే సంచి సర్దుకుంటుంటే ఆయన చొక్కా వేసుకుని వసారాలోకి వచ్చాడు. బజారువాళ్ళ నోరు మూయించలేకపోయినా, ఈ ఒక్కటైనా సరిచేయాలని రెండు రోజులుగా అనుకుంటున్నాడు.

"నేనూ వస్తానమ్మా. పిల్లోళ్ళ ముందర నేనే చెప్తా, నాది తప్పని. అప్పుడు నువ్వు తిరుక్కోని నిలబడే పని ఉండదు."

రశ్మి సంచి జిప్పు లాగింది.

"మీరు రావద్దు మామా."

"ఎందుకమ్మా? నాతో రావాలంటే సిగ్గా?"

"ఇప్పుడు సిగ్గేం లేదు మామా. మీరొచ్చి తప్పు చేసినా అంటారు. పిల్లోళ్ళంతా లేచి నిలబడి చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లలో పాఠం పోతాది."

ఆమె మాటలో కోపం లేదు, పాఠం చెప్పే గొంతుతోనే చెప్పింది. ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. పిల్లలు లేచి నిలబడతారు, చప్పట్లు కొడతారు అని ఆమె అంటుండగానే లోపల ఎక్కడో ఒక మూల సంతోషం కదిలింది. అది తన ముఖంలో ఆమెకు కనిపించిందేమోనని బాలచంద్ర తల ఎత్తలేదు. ఆమె వీధి మలుపు తిరిగేదాకా అట్లాగే నిలబడి, తర్వాత కొట్టు తీయడానికి పోయాడు.